కట్టుడు పళ్ల బాకీ

ఆవిడ పళ్లు పీకదు. పీకించుకుని బోసినోటితో వచ్చినవాళ్లకు కట్టుడు పళ్లు చేసి పెడుతుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని. వీధిలో అందరూ పళ్లావిడ అంటారు. ఎదురుగా పిలిచినా, చాటున చెప్పుకున్నా అదే పేరు, ఆవిడకూ పట్టింపు లేదు. ముందుగదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు. తెర తీసుకుని వెనక్కి వెళితే అచ్చు తీసే కుర్చీ, ప్లాస్టర్ బస్తా, మైనం కరిగించే చిన్న స్టవ్వు, రకరకాల ఆకురాళ్లు, కిటికీ గట్టు మీద నీళ్ల గిన్నెల్లో మునిగి ఉన్న ఊరివాళ్ల నవ్వులు.

ఆవిడకు ఒక మొగుడు కూడా ఉండేవాడు. ఇప్పుడు మాజీ. పేరు పెట్టి చెప్పుకునేంత సరుకు అతనిలో లేదు కాబట్టి మహానుభావుడు అందాం. మహానుభావుడు పద్దెనిమిదేళ్లపాటు ముందుగదిలో బల్ల వెనక కూర్చున్నాడు. కూర్చోవడమే అతని వృత్తి. ఎవరొచ్చినా "రండి రండి, ఇక మీ పళ్ల బాధ్యత నాది" అనేవాడు. పై పన్నేదో కింది పన్నేదో కూడా అతనికి తెలియదు. అయినా ఊళ్లో సగం మంది పళ్లు చేసేది ఆయనేననీ, వెనకగదిలో వంచిన తల ఎత్తని ఆడమనిషి జీతానికి పెట్టుకున్న మనిషనీ అనుకునేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. అతని విషయంలో ఊరు మరీ మంచిదైపోయింది, అడిగిందల్లా చేతిలో పెట్టింది.

పళ్లావిడ జీవితంలో చేసిన పెద్ద తెలివితక్కువ పని మాత్రం అతన్ని చేసుకోవడం కాదు. ఆ తప్పు చాలామంది చేస్తారు. ఆవిడ చేసింది ఇంకోటి. రసీదు మీద ఆవిడ సంతకమే ఉండాలి, లైసెన్సు ఆవిడ పేరున ఉంది మరి. సంతకం కోసం అతను పిలిచినప్పుడల్లా ఆవిడ చేతులు మోచేతుల దాకా ప్లాస్టర్‌లో ఉండేవి. చేతులు కడుక్కుని, వెళ్లి సంతకం పెట్టి వచ్చేసరికి గిన్నెలో కలిపింది రాయైపోయేది. ఓ సెలవురోజు మధ్యాహ్నం విసుగెత్తి, కొత్త రసీదు పుస్తకం ముందేసుకుని వంద కాగితాల మీదా ఒక్క ఊపులో సంతకాలు చేసేసింది. కుదురుగా, ఒక్కోదాని కింద గీత కూడా గీసి. ఎంత తెలివైనవాళ్లయినా ఎప్పుడో ఒకసారి బుర్ర తీసి పక్కన పెట్టి కూర్చుంటారు. ఆవిడకు ఆ ముహూర్తం ఆ మధ్యాహ్నం కుదిరింది.

తర్వాత మహానుభావుడికి మనశ్శాంతి కరువైంది. కోర్టులో అలాగే చెప్పాడు. విడాకులు పుచ్చుకుని, నాలుగు వీధుల అవతల తల్లి ఇంటి మేడగదికి చేరాడు. పోతూ పోతూ రేడియో, గొడుగు, కొత్త తువ్వాళ్లు పట్టుకుపోయాడు. మనశ్శాంతికి తువ్వాళ్లతో ఏం పనో ఆవిడకు అర్థం కాలేదు. రసీదు పుస్తకం కనిపించకపోతే ఇల్లు సర్దడంలో ఎక్కడో పోయిందనుకుంది. అందులో ముప్పై ఎనిమిదో నంబరు దాకానే వాడిన గుర్తు.

ఎనిమిదో రోజు ముప్పై తొమ్మిదో నంబరు నడిచి వచ్చింది. రిటైరైన పోస్ట్‌మాన్, నోట్లో ఒక్క పన్ను లేదు. జేబులోంచి రసీదు తీసి బల్ల మీద పెట్టాడు. పైవరుస, కిందివరుస, పూర్తి సొమ్ము ముట్టింది. కింద ఆవిడ సంతకం, దాని కింద గీత.

"అచ్చు ఇవాళే తీస్తారా అమ్మా?" అన్నాడు.

ఆవిడ ఆ మనిషిని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

ఆ వారంలో ఇంకో ముగ్గురు వచ్చారు. బస్సు కండక్టరుగా చేసే చెల్లెలు సంగతి విని మండిపడింది.

"ఎవడో అమ్మిన దొంగ టికెట్టుకి నేను బస్సు ఎక్కించుకుంటానా అక్కా? పొమ్మను."

"దొంగ టికెట్టయితే పొమ్మందును. సంతకం నాదే, అదే నా ఏడుపు."

వకీలు కూడా రసీదు అటూ ఇటూ తిప్పి చూసి, "సంతకం మీదేనా? మరి ఇంకేముంది" అని, ఆ ముక్క చెప్పినందుకు ఫీజు తీసుకున్నాడు.

పళ్లావిడ ఆ నలుగురికీ పళ్లు చేసింది. జాలిపడి కాదు. జాలి అనేది ఆవిడ దగ్గర పద్దెనిమిదేళ్ల కిందటే ఖర్చైపోయింది. పళ్లు లేనివాడికి లేనివి పళ్లే, నాలుక ఉంటుంది. అది సందు సందూ తిరిగి "పళ్లావిడ మోసం చేసింది" అంటే ఇరవై రెండేళ్ల పేరు ఒక్క నెలలో గంగలో కలుస్తుంది. ఆ పేరు తప్ప ఆవిడకు ఇంకో ఆస్తి లేదు. పైగా అతను తిన్నది తాను అరిగించుకుంటోందంటే, అందులో ఒక రకం పొగరు కూడా ఉంది. చూడు, నువ్వు ఎగ్గొట్టినదాన్ని నేను నిలబెట్టాను అని చూపించే పొగరు. అతను చూడడని తెలిసినా ఆ పొగరు తగ్గలేదు.

పొద్దున్న డబ్బిచ్చినవాళ్ల పళ్లు, మధ్యాహ్నం నుంచి మహానుభావుడి పళ్లు. వాటికి సామాను తన డబ్బుతోనే కొనేది. వెనకగది పైకప్పు కారుతుంటే కింద బకెట్టు పెట్టి, బాగుచేయించడం వచ్చే ఏటికి వాయిదా వేసింది. పని పూర్తయిన రసీదును గోడకున్న మేకుకు గుచ్చేది.

ఆ రోజుల్లోనే ఒక అలవాటు మార్చుకుంది. కొత్త పళ్లు పెట్టాక సరిగ్గా కూర్చున్నాయో లేదో తెలియాలంటే నోరు తెరిచి చూస్తే చాలదు, మాట అనిపించాలి. పళ్లు లేకపోతే 'వ', 'ద' లాంటివి గాలిలో కలిసిపోతాయి. ఇదివరకు అందరిచేతా 'వందనం' అనిపించేది. ముప్పై తొమ్మిదో నంబరు నుంచి 'దొంగ వెధవ' అనిపించడం మొదలుపెట్టింది. పోస్ట్‌మాన్ మొదట మొహమాటపడ్డాడు. తర్వాత ఎవరి గురించో తెలిసి, పళ్లు బాగానే కూర్చున్నా మూడుసార్లు అన్నాడు.

అరవై ఆరో నంబరు పట్టుకుని ఓ లారీ డ్రైవరు వచ్చిన రోజున ఆవిడ కళ్లు తేదీ మీద పడ్డాయి. విడాకులై మూడు నెలలు. రసీదు రాసింది పోయిన వారం.  అప్పులు వదిలి పోయాడనుకుంది. వదలడమేమిటి, మేడగదిలో కూర్చుని ఇంకా చేస్తూనే ఉన్నాడు. ఆ పుస్తకంలో ఇంకా ముప్పై నాలుగు సంతకాలున్నాయి. అవన్నీ ముప్పై నాలుగు నోళ్లు. అన్నీ వస్తే కొట్టు మూసుకోవడమే.

చెల్లెల్ని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లింది. మహానుభావుడు మెట్ల మీద సగం దాకా దిగి ఆగాడు, ఆవిడ తువ్వాలే భుజాన ఉంది.

"పుస్తకమా? ఏ పుస్తకం?" అన్నాడు. తర్వాత గుండె మీద చెయ్యి వేసుకుని, "నీ మీద నాకు కోపం లేదు" అన్నాడు.

"ఎంత పెద్ద మనసు" అంది చెల్లెలు.

స్టేషన్‌లో పుస్తకం పోయిందని రాసిచ్చి వెళ్లమన్నారు. రాసిచ్చి వచ్చింది. ఆ కాగితం ఏ బీరువాలో నిద్రపోతోందో.

అలా రెండు వారాలు గడిచాయి. లారీ డ్రైవరుకి పళ్లు పెట్టి, వెనకగదిలో మాట అనిపిస్తోంది. అతని గొంతు పెద్దది. "దొంగ వెధవ" అని తెర ఎగిరేట్టు అన్నాడు. అప్పుడే ముందుగదిలో ఎవరో కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది. పళ్లావిడ తెర తీసి చూస్తే అత్తగారు. మాజీ అత్తగారు.

"ఎవర్నమ్మాయ్, అతను తిడుతున్నాడు?" అంది ఆమె.

"పళ్లు సరిపోయాయో లేదో చూస్తున్నాం."

అత్తగారు మనిషి సగమైంది. బుగ్గలు లోపలికి పోయాయి. పద్దెనిమిదేళ్లూ "మావాడి రెక్కల కష్టం మీద బతుకుతోంది" అని చుట్టాలకు చెప్పిన నోరు అది, ఇప్పుడు నీళ్లు తాగినా ఓ పక్కనుంచి కారేట్టుంది. కాకి పిల్ల కాకికి ముద్దు, నిజమే, కానీ ఈ కాకి తన పిల్లను కోకిల అని ఊరంతా నమ్మించాలని చూసింది. ఆమె చేతిసంచి తెరిచి, మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది. నంబరు డెబ్బై నాలుగు.

"మంచి రకం పళ్లని నా గొలుసు తీసుకెళ్లాడు. నీకు ముట్టింది కదా. ఎప్పుడిస్తావు?"

పళ్లావిడ కాగితం చదివింది. ఒకసారి ఆమె మెడ వైపు చూసింది. "లోపలికి రండి" అంది.

అచ్చు తీయడమంటే గులాబీరంగు ముద్దను స్టీలు పళ్లేనికి మెత్తి, నోటినిండా పెట్టి, గట్టిపడేదాకా కదలకుండా పట్టుకోవాలి. నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ కుర్చీలో ఉన్నవాళ్లు ముక్కుతో ఊపిరి పీల్చుకోవడం తప్ప ఇంకేమీ చేయలేరు. పద్దెనిమిదేళ్లలో అత్తగారు అన్నిసేపు నోరు మూసుకుని ఉండగా పళ్లావిడ ఎప్పుడూ చూడలేదు. పెళ్లైన కొత్తలో కోడలికి నోట్లో నాలుక లేదని ఆ ఇంట్లో మెచ్చుకునేవారు. ఉండేది. వాడుకునే సందు దొరకలేదంతే.

పళ్లేన్ని రెండు వేళ్లతో అదిమి పట్టుకుని మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు.

"మీ గొలుసు నేను చూడలేదు. ఎవరి డబ్బూ చూడలేదు. మీవాడు నా సంతకాలున్న పుస్తకం ఎత్తుకుపోయి అమ్ముకుంటున్నాడు. అదిగో ఆ మేకు చూడండి, అవన్నీ మీవాడి రెక్కల కష్టమే. వాడు ఒక్క రోజు పని చేసి ఎరగడు. మీ మందులు నేను కొన్నాను, మీ కళ్లజోడు నేను కొన్నాను. వాడు తెచ్చాడని మీరు చుట్టాలకు చూపించారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను."

అత్తగారు చెయ్యి ఎత్తబోయింది.

"ఇంకా రెండు నిమిషాలుంది. కదిలితే అచ్చు పాడవుతుంది. ఊళ్లోవాళ్లను మోసం చేశాడంటే వెధవ అనుకున్నాను. తల్లి మెడలోది తీసుకుని, తల్లికే నా సంతకం అమ్మాడంటే ఇక ఏమనాలో నాకు మాట తెలియదు. మీ పళ్లు చేస్తాను. మీరు వాడి తల్లి అని కాదు, డెబ్బై నాలుగో నంబరు అని."

మిగిలిన నిమిషం పళ్లేన్ని అలాగే అదిమి పట్టుకుంది. బకెట్లో చుక్క చుక్కగా నీళ్లు పడుతున్నాయి. పళ్లెం బయటికి తీశాక అత్తగారు ఏమంటుందోనని పళ్లావిడ కాచుకుని ఉంది, జవాబులు కూడా సిద్ధం చేసుకుంది.

"నీళ్లియ్యి" అంది అత్తగారు. పుక్కిలించి, పెదాలు తుడుచుకుని, పది రోజుల్లో రమ్మంటే తలూపి వెళ్లిపోయింది.

పదో రోజు చెప్పిన వేళకే వచ్చింది. కూర్చోకుండా సంచిలోంచి రసీదు పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాడు."

"కనిపించకపోతే అడగలేదా?"

"అడిగాడు. నేను చెప్పింది వాడికి అర్థం కాలేదు. పళ్లు లేవు కదా."

పళ్లావిడ పుస్తకం తిరగేసింది. రాసి చింపినవాటి మొదళ్లను మేకుకున్న రసీదులతో సరిచూస్తే ఇంకా ఆరుగురు రావాలి. ఆరుగురంటే ఆరుగురే, ఏడో నోరు లేదు. కొట్టు నిలబడుతుంది. డెబ్బై అయిదు నుంచి వంద దాకా కాగితాలు ఖాళీగా ఉన్నాయి, ప్రతిదాని కిందా ఆవిడ సంతకం, గీత.  ఇన్నాళ్లూ అతని మీద పడ్డ అసహ్యంలో సగం, ఒక మధ్యాహ్నం కూర్చుని ఇంత ముచ్చటగా గీతలు గీసిన ఆ మనిషి మీదేనని ఆవిడకు తెలిసింది. ఆ ఇరవై ఆరు కాగితాలూ చింపి స్టవ్వు మీద పట్టుకుని కాల్చింది. అత్తగారు కిటికీ తెరిచి పొగ బయటికి పంపింది.

పళ్లు బాగా కుదిరాయి. ఇరవై రెండేళ్లలో చేసినవాటిలో అవే మంచివి, ఎందుకంత శ్రద్ధ పెట్టిందో ఆవిడనే అడగాలి. పైవరుస, కిందివరుస పెట్టి, చేతికి అద్దమిచ్చింది. బుగ్గలు పైకి లేచి, అత్తగారి మొహం పాత మొహమైంది.

"వందనం అనండి" అంది పళ్లావిడ.

అత్తగారు నాలుకతో పళ్లన్నీ తడిమి చూసుకుంది. అద్దం ఒళ్లో పెట్టుకుని, గోడకున్న మేకు వైపు చూసింది.

"మొన్న అతనిచేత అనిపించింది అది కాదుగా."

"మీరు అది అనక్కర్లేదు."

 అత్తగారు మెడ మీద గొలుసు ఉండేచోట వేళ్లతో రాసుకుంది. తర్వాత నిటారుగా కూర్చుని, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు, తొందరపడకుండా, "దొంగ వెధవ" అంది. ఒక్క అక్షరం జారలేదు. కళ్లు మాత్రం నిండిపోయాయి.

"ఇంకోసారి అనమంటావా?" అంది.

పళ్లావిడ ఆమె చేతిలోంచి అద్దం తీసుకుంది.

"వద్దు అత్తయ్యా. సరిపోయాయి."