మూడవ గడి

వరదలలోనూ యుద్ధాలలోనూ చెదరిపోయిన కుటుంబాలను వెదకి కలపడమే పనిగా పెట్టుకున్న ఆ సేవాసంస్థకు పదునాలుగు దేశాలలో కార్యాలయాలున్నాయి. వాటిలో ఒకదానిలో, మెట్ల కింది గదిలో, ఇరవై రెండేళ్లు పనిచేసిన ఒక స్త్రీని అందరూ కార్డులమ్మ అని పిలిచేవారు. తప్పిపోయిన ప్రతి మనిషికీ ఆ గదిలో ఒక కార్డు ఉండేది. పేరు, వయస్సు, చివరిసారి కనిపించిన చోటు, ఒంటిమీది గుర్తు, వెదికేవారి చిరునామా, ఇంతే. కార్డు సొరుగులో ఉన్నంతకాలం వెదుకులాట సాగుతున్నట్టు. వెదికేవారు ఏటేటా స్వయంగా వచ్చి దానిమీద సంతకం చేసిపోవాలి.

కార్డులమ్మ ఆ గదిలో తొలిసారి అడుగుపెట్టింది ఉద్యోగం కోసం కాదు. పందొమ్మిదో యేట, తల్లి వెంట, అక్కకు కార్డు రాయించడానికి వచ్చింది. ఏరు ఊరిమీద పడిన రోజున రేవులో నిలిచిన లాంచీలో ఇద్దరికే చోటు మిగిలింది. తల్లి చిన్నదాని రెక్క పట్టుకుని ఎక్కింది. "నువ్వు వెనకదాంట్లో వచ్చెయ్" అని పెద్దదానితో అన్నది. వెనకది వచ్చిందని కొందరు, రాలేదని కొందరు, అది అవతలి గట్టు దేశానికి కొట్టుకుపోయిందని మరికొందరు చెప్పారు. అక్క మాత్రం రాలేదు.

ఆ కార్డును చిన్నది తన చేత్తోనే నింపింది. ముత్యాలవంటి ఆ దస్తూరీ చూసి, రెండు గట్ల భాషలూ వచ్చునని తెలుసుకుని, అప్పటి అధికారి ఆమెను గుమాస్తాగా పెట్టుకున్నాడు. ఉద్యోగం చేస్తూనే ఆమె దూరవిద్యలో సమాజసేవాశాస్త్రం చదివి పట్టా పుచ్చుకుంది. కార్డులు సర్దడం నుంచి కుటుంబాలతో మాట్లాడే పనికి ఎదిగింది. చావు కబురు చెప్పవలసి వచ్చినప్పుడు ఎదురుగా కూర్చోరాదని, మొదట మంచినీళ్లిచ్చి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చోవాలని, ఆ తరువాతే నోరు విప్పాలని కొత్తవారికి నేర్పింది ఆమే.

ఆ కొత్తవారు దేశదేశాల నుంచి వచ్చేవారు. ఏడాదిపాటు ఆమె పక్కన కూర్చుని పని పట్టుకుని, వీడ్కోలు సభలో ఆమెను గురువుగారని పొగిడి, ప్రధాన కార్యాలయానికి ఎగిరిపోయేవారు.

"ఏం కార్డులమ్మా," అనేవాడు జీపు డ్రైవరు, "నీ దగ్గర ఓనమాలు దిద్దినవాళ్లంతా విమానాలెక్కారు. నువ్వు మాత్రం ఆ మెట్లు కూడా ఎక్కలేదు."

"ఎక్కేవాడు వేరు, నిచ్చెన పట్టుకునేవాడు వేరు నాయనా. నువ్వు మాత్రం ఎన్నాళ్ల నుంచి తోలుతున్నావు, జీపు నీదైందా?"

నవ్వుతూనే అనేది. ఆ నవ్వు వెనుక ఏముందో, విదేశీ పదవి కోరి మూడుసార్లు తిరిగివచ్చిన ఆమె దరఖాస్తులకు తెలుసు. ఒకసారి విదేశానుభవం లేదన్నారు. ఒకసారి ఇంకా అనుభవం కావాలన్నారు. మూడోసారి ఏమీ అనలేదు.

ఆమె కంటె ముందు ఆమె రాసిన జవాబు ఒకటి దేశాలు తిరిగింది. కొట్టే మొగుణ్ణి వదలి పారిపోయిన ఇల్లాలి చిరునామా, ఆ మొగుడే వచ్చి అడిగితే ఇవ్వకూడదు గదా? అట్టివారికి పంపడానికి ఒక మర్యాదైన జవాబు రాయమని పైవారు అడిగితే ఆమె వారం రోజులు కూర్చుని ఇలా రాసింది: "మీరు వెదకుచున్నవారు తమంతట తాముగా ఈ సంబంధమును కోరుట లేదని తెలిపియున్నారు. వారి మనస్సును గౌరవించి మీరు నెమ్మది వహింపగలరని మా విన్నపము." పదునాలుగు కార్యాలయాలూ దానిని ఉన్నదున్నట్టు తీసుకున్నాయి. అంత మెత్తగా ఎవరూ రాయలేదని ప్రశంసాపత్రం వచ్చింది.

నలభై ఒకటో యేట నాలుగో దరఖాస్తు ఫలించింది. దూరదేశంలో కుటుంబ విభాగానికి అధికారిణి పదవి. ఉత్తర్వు చేతికిచ్చే ముందు కార్యాలయపు పెద్దాయన ఆమెను కూర్చోమన్నాడు.

"ఒక్క చిక్కుందమ్మా. మన దగ్గర తెరిచిన కార్డు ఉన్నవాళ్లకి విదేశీ పదవి ఇవ్వకూడదు. సొంత పనికి వాడుకుంటారని."

"ఇరవై రెండేళ్లలో ఒక్కరోజైనా వాడుకున్నానాండీ?"

"నాకు తెలుసు. నిబంధనకి తెలియదు కదా! శుక్రవారం లోపల ముగించెయ్. తర్వాత నీ అంతట నువ్వు వెతుక్కో, ఎవరు కాదన్నారు?"

కార్డును ముగించే కాగితంలో మూడు గడులున్నాయి. దొరికినారు. మరణించినారు. కుటుంబము సంబంధము కోరుట లేదు. వెదికి అలసిపోయినవారికి నాలుగో గడి ఒకటి పెట్టమని ఆమె పూర్వం రాసి ఉన్నది. అలసట కారణం కాదని జవాబు వచ్చింది.

మూడు రోజులు ఆ కాగితం ఆమె సంచిలో ఇంటికి పోయి వచ్చింది. ఇంట్లో తల్లి, రోజూ అడిగే మాటే అడిగింది.

"ఏమైనా తెలిసిందా?"

"వెతుకుతున్నారమ్మా."

మొదటి గడి అబద్ధం. రెండో గడిలో గీత పెట్టడానికి చెయ్యి రాలేదు. బతికున్నదో లేదో తెలియని అక్కను తన కలంతో చంపినట్టవుతుంది. ఇక మిగిలింది మూడోది. దానిలోనైతే అక్క కనీసం బతికి ఉంటుంది. ఆ గడి వెనుక ఏ తలుపు మూసుకుంటుందో ఆమె కంటె బాగా ఎరిగినవారు లేరు. అయినా, ఇన్నేళ్లు రానిది ఇప్పుడు వస్తుందా అనుకున్నది. శుక్రవారం మధ్యాహ్నం మూడో గడిలో గీత పెట్టి సంతకం చేసింది. తల్లికి ఉత్తర్వు చూపించింది గాని ఆ కాగితం మాట చెప్పలేదు.

కొత్త పదవిలో ఆమె బల్లమీదికి అన్ని దేశాలలో ముగిసిన కార్డుల నకళ్లు ఏటా వచ్చేవి. రెండో ఏడాది కట్టలో, అవతలి గట్టు దేశపు కార్యాలయం నుంచి వచ్చిన ఒక నకలు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. స్త్రీ, నలభై ఏడేళ్లు. ఎడమ మోచేతిమీద కాలిన మచ్చ. చివరి చోటు: రేవు. వెదుకుతున్నది: తల్లిని, చెల్లెలిని. అక్కడి గుమాస్తా నిబంధన ప్రకారం పాత కార్డు సరిచూసి, మూడో గడిలో గీత కనిపించగా, ఆ స్త్రీ చేతికి జవాబు ఇచ్చి పంపాడు. జవాబు నకలు కూడా జతపరచి ఉన్నది. "వారి మనస్సును గౌరవించి మీరు నెమ్మది వహింపగలరని..."

ఎనిమిది నెలల కిందటి మాట.

ఆనాడే ఆమె ఆ కార్యాలయానికి రాసింది. పొరపాటు తనదేనని, తానే చెల్లెలినని, ఏదీ దాచకుండా రాసింది. నెలకు జవాబు వచ్చింది. వారు ఆ స్త్రీ ఇంటికి పోయి అడిగారట. ఆమె ఉత్తరం చదువుకుని, కాగితం అడిగి తీసుకుని, మూడో గడిలో గీత పెట్టిందట. కనుక చిరునామా తెలుపజాలమని, కింద ఆ రెండు వాక్యాలు. అక్షరం పొల్లుపోలేదు. అడుగున గుమాస్తా, నిబంధనకు విరుద్ధమే అయినా, ఒక మాట చేత్తో రాశాడు: "'రేవులోనూ ఇంతే చేశారు' అని మాత్రం అన్నారు."

కార్డులమ్మ సెలవు పెట్టి ఇంటికి వచ్చింది. తల్లి కిటికీ దగ్గర దిండు గలీబు కుట్టుకుంటున్నది.

"ఏమైనా తెలిసిందా?"

"తెలిసిందమ్మా. ఉంది. బతికే ఉంది."

సూది గలీబులోనే నిలిచిపోయింది. "ఏదీ? వెంట తీసుకురాలేదేం?"

ఆమె ఎనిమిది నెలల కిందటి నకలునూ, ఈ ఉత్తరాన్నీ చదివి వినిపించింది. తల్లి రెండోసారి చదివించుకున్నది.

"ఎవతె రాసిందే ఈ మాట? వేలు నలగకుండా ఎంత మెత్తగా వేసింది తలుపు!"

"నేనేనమ్మా."

"ఇది సరే. అది వచ్చి అడిగినప్పుడు, మనకి అక్కర్లేదని చెప్పిందెవరు?"

"అదీ నేనే. ఈ ఉద్యోగం కోసం."

తల్లి తిడుతుందని ఆమె ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకున్నది. ముసలామె సూదిని గుడ్డకు గుచ్చి, గలీబు మడిచి పక్కన పెట్టింది.

"రేవులో చెయ్యి వదిలింది నేను. కాగితం మీద వదిలింది నువ్వు. మనిద్దరం ఇంకా ఆ లాంచీలోనే ఉన్నామే. లే, నా చెప్పులు తే. ఈసారి నా పేరున రాయిద్దాం కార్డు."

మెట్ల కింది గదిలో ఇప్పుడున్న గుమాస్తా, కార్డులమ్మ దగ్గర పని నేర్చిన నడివయస్సు మనిషి. వారిని బల్ల ముందు కూర్చోబెట్టింది. పాత కార్డు తీసింది, అవతలి గట్టు నుంచి వచ్చి దానికి గుచ్చి ఉన్న కొత్త కాగితం చదివింది. రెండుసార్లు చదివింది. అవతలివారు వద్దన్నచోట కొత్త కార్డు తెరవరాదన్నది ఆ గదిలో అందరికీ తెలిసిన సంగతే.

"అమ్మమ్మగారూ, ఒక్క నిమిషం," అని లేచింది.

కూజా నుంచి గ్లాసులోకి నీళ్లు వంచింది. గ్లాసు ముసలామె ముందు పెట్టింది. తరువాత బల్ల వెనుక ఉన్న తన కుర్చీని చప్పుడు కాకుండా ఇవతలికి లాగి, ఆమె పక్కన వేసుకుని కూర్చున్నది.

కార్డులమ్మ ఆ కుర్చీని చూసి తల దించుకున్నది.

"నీళ్లెందుకమ్మా నాకు? దప్పికై వచ్చామా?" అన్నది తల్లి. "కలం తియ్యి. ఎడమ మోచేతి మీద మచ్చ, రాసుకో."