గుట్ట మీద మా మేడం

పోయిన ఆదివారం తెల్లవారుతుండగా మా మేడం పోయారు. ఆవిడ కోడలు ఫోన్ చేసి, "అత్తమ్మ నిద్రలనే పోయిందక్కా" అంది. ఆ తర్వాత ఏడ్చేసింది. నేను కొండాపూర్‌లో వాళ్ళింటికి చేరేసరికి వాకిలి నిండా మట్టి కొట్టుకుపోయిన బూట్లున్నాయి. గుట్ట మీద కలుపు తీస్తున్నవాళ్ళు కబురు తెలియగానే పని ఆపి అలాగే వచ్చేశారు.

ఆవిడ ప్రభుత్వ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. సొంతూరు జనగామ వైపు. నేను భీమవరం దగ్గరి పల్లె నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికొచ్చి వాళ్ళింట్లో పై వాటా అద్దెకు తీసుకున్నాను. దిగిన వారానికే మెట్ల దగ్గర ఆపి అడిగారు.

"ఆదివారం ఏం జేస్తవ్?"

"బట్టలు ఉతుక్కుంటానండి."

"బట్టలు సాయంత్రం ఉతుక్కో. పొద్దున నాతోని రా."

అలా మొదటిసారి ఆ గుట్ట చూశాను. గచ్చిబౌలిలో ఆఫీసు భవనాల వెనక, బండ మీద బండ పేర్చినట్టు ఉంటుంది. కింద చిన్న కుంట. ఆ స్థలం సొంతదార్లను ఒప్పించి, అక్కడ పెరిగిన లంటానా కంపనూ సర్కారు తుమ్మనూ తీసేసి, ఒకప్పుడు ఆ నేల మీద ఉండిన చెట్లను మళ్ళీ నిలబెట్టాలని మేడం పూనుకున్నారు. ఎండాకాలంలో కంప పీకి, వాలుకు అడ్డంగా కందకాలు తవ్వేవాళ్ళం. తొలకరికి మొక్కలు నాటడం, వానలు వెనకపట్టాక కలుపు తీయడం. చలికాలంలో ఎండుగడ్డి కోసి, నిప్పంటుకుంటే పాకకుండా బాటలు వదిలేవాళ్ళం. పనిచేసేది మాలాంటి ఉద్యోగస్తులే, సెలవు రోజుల్లో.

పనికి ముందే మేడం అందరికీ జొన్నరొట్టె, వెల్లుల్లి కారం పెట్టేవారు. "ఆకలి మీద పీకితే మంచి మొక్క గూడ కంప లెక్కనే కనవడ్తది" అనేవారు. ఒకరోజు మేం వాలు మొత్తం శుభ్రం చేసి గర్వంగా నిలబడితే, ఆవిడ బోసిపోయిన నేలనే చూస్తూ, "పీకుడు అల్కనే. పీకినకాడ ఏం వెడ్తవన్నదే అసలు పని" అన్నారు. ఆ మాట నాకు చాలాచోట్ల అక్కరకొచ్చింది.

అప్పుడు తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతోంది. మేడం మొదటి నుంచీ ఉద్యమం మనిషి. సభలకు వెళ్ళేవారు, బతుకమ్మ ఆడేవారు, వంటింట్లో ఉద్యమ పాటలు పాడుకునేవారు. నేనేమో ఆ రోజుల్లో బయట నోరు విప్పడానికే జంకేదాన్ని. రెండు మాటలకొక 'అండి' పడితే ఎక్కడిదాన్నో ఇట్టే తెలిసిపోతుంది కదా.

ఒక జూన్‌లో బంద్ పిలుపు వచ్చింది. ముందు రోజంతా వాన కురిసింది. గుట్ట మీద గుంతలు తవ్వి సిద్ధంగా ఉన్నాయి. పెరట్లో మోదుగ, రేల, నెమలినార మొక్కలు కాచుకుని ఉన్నాయి. నీడన ఉంచినా, సంచుల్లో వేర్లు చుట్టుకుపోయి ఆకులు పండుబారుతున్నాయి. మేడం తెలిసిన ట్రాలీ ఆటో అతన్ని బతిమాలి, మొక్కలెక్కించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరారు.

కూడలిలో రోడ్డుకడ్డంగా పొయ్యిలు వెలిగించి వంటావార్పు జరుగుతోంది. కుర్రాళ్ళు ఆటో ఆపారు.

"బంద్ అని తెల్వదా?" అన్నాడొకడు.

"తెల్సు బిడ్డా. నేను గూడ మీతోనే కూసుంట. గని ఈ మొక్కలు ఇయ్యాల నేలల పడాలె. వాన మళ్ళ ఎప్పుడొస్తదో."

అతను నా వైపు తిరిగాడు. "మీరేం మాట్లాడ్తలేరు? యాడికెళ్ళి వచ్చిన్రు?"

మేడం బదులు చెబుతారేమోనని చూశాను. ఆవిడ నా వంకే చూస్తున్నారు, నువ్వే చెప్పు అన్నట్టు.

"భీమవరం దగ్గరండి" అన్నాను.

 ఉల్లిపాయలు కోస్తున్నవాళ్ళు చేతులాపి నా వైపు చూశారు.

"మా గుట్ట మీద మీకేం పని?"

"మొక్కలు నాటుతున్నామండి. ఇదివరకు నాటిన తంగేడు పోయిన బతుకమ్మకు బాగా పూసింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఒళ్ళో నింపుకుని తీసుకెళ్ళారు. మేమే కొమ్మలు వంచి ఇచ్చామండి."

"మా అమ్మ గూడ ఆడికెళ్ళే తెచ్చింది" అన్నాడతను మెల్లగా. పక్కవాళ్ళతో ఏదో మాట్లాడి వచ్చాడు. "బండి మాత్రం పోనియ్యం మేడం. బంద్ అంటే బందే. మొక్కలైతే మేం మోస్తం."

మేడం నవ్వి, కొంగు నడుముకు దోపుకుని, పొయ్యి దగ్గర కూర్చుని కత్తిపీట ముందుకు లాక్కున్నారు.

"మీరు రారా?" అన్నాను కంగారుగా.

"కూసుంటనని చెప్పిన గద. నువ్వు తీస్కపోయి నాటిపియ్యి. నీకు తెల్వని పనా?"

ఆ రోజు ఉద్యమం కుర్రాళ్ళు మొక్కలు భుజాలకెత్తుకుని నా వెనక గుట్టెక్కారు. సంచి ఎలా చించాలో, వేర్ల చుట్టూ మట్టి ఎలా అదమాలో చూపించాను. చినుకుల్లో తడుస్తూ నాటారు. నన్ను 'అక్కా' అని ఎవరు ముందు పిలిచారో గుర్తులేదు. పొద్దు వాలుతుంటే మేడం రోడ్డు మీద వండిన అన్నం, పప్పు గిన్నెల్లో పట్టించుకుని వచ్చారు. బండల మీద కూర్చుని తిన్నాం.

రాష్ట్రం వచ్చిందని తెలిసినరోజు మేడం వీధంతా మిఠాయిలు పంచి, చివరికి మా వాటాకొచ్చి, గడప అవతలే ఆగారు.

"నాకు మస్తు సంతోషంగ ఉంది. నీ ముందల దాచుడెందుకు? నీకు బాధైతే నువ్వు గూడ దాచకు."

"కొంచెం భయంగా ఉందండి" అన్నాను. ఊర్నించి మావాళ్ళు అప్పటికే పదిసార్లు ఫోన్ చేసి వచ్చేయమంటున్నారు.

ఆవిడ మిఠాయి డబ్బా పక్కన పెట్టి, లోపలికొచ్చి, నా మంచం మీద కూర్చున్నారు. ధైర్యం చెప్పలేదు. టీ పెట్టమన్నారు. చీకటిపడేదాకా ఉన్నారు. నేను ఊరికి వెళ్ళిపోలేదు. పెళ్ళయి నిజాంపేటకు మారినా ఆదివారాలు గుట్టకే వస్తున్నాను.

ఈ మధ్య ఆవిడకు మోకాళ్ళు సహకరించలేదు. నెల క్రితం, వాన వెలిశాక, ఒక్కసారి తీసుకెళ్ళమన్నారు. కుంట దాకా నడిపించి, ఒక బండ మీద కూర్చోబెట్టాను. నేనేదో చెప్పబోతుంటే నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. పొదల్లోంచి ఆడనెమలి బయటికొచ్చింది, దాని వెనక పిల్లలు. మమ్మల్ని పట్టించుకోకుండా, తడిమట్టిలో ఏరుకు తింటూ, ఏ తొందరా లేకుండా మా ముందునుంచి నడిచాయి. చివరి పిల్ల గడ్డిలోకి దూరి కనుమరుగయ్యాక కూడా మేడం నా చెయ్యి వదలలేదు. గడ్డి ఇంకా కదులుతోంది. ఆవిడ అటే చూస్తున్నారు.