లోపలికి మడిచిన గుడ్డ

కడుపు మాడ్చుకున్న మనిషికి బట్టలు వదులవ్వాలి. ఈ నర్సుకు మాత్రం ఇంట్లోనే ఊరివాళ్ళకు బట్టలు కుట్టే అక్క కుట్టిచ్చిన ప్రతి కొత్త జతా పాతదానికంటే బిగుతుగా ఉండేది. ఇంట్లో ఆమె పేరు "డ్రమ్ము". లావాటి మనిషే, కానీ వార్డులో ఎంతటి రోగినైనా ఒక్కతే పక్కకు తిప్పి పడుకోబెట్టేది. కొత్త జత పట్టనప్పుడల్లా ఇంకా ఒళ్ళు చేశాననుకుని ఇంకో పూట తిండి మానేసేది. ఎంత అన్యాయం!

ఆవేళ ఒక ముసలాయన్ని లేపి కూర్చోబెడుతూ కళ్ళు తిరిగి ఆయన మంచం మీదే ఒరిగిపోయింది. డాక్టరు నాడి కూడా చూడకుండా "బరువు తగ్గమ్మా" అనేసి వెళ్ళాడు. తిండిలేక పడిపోయిన మనిషికి చెప్పే మాటేనా అది?

ఊపిరాడుతుందని తోటి నర్సు ఆమె చంక కింద కుట్లు విప్పింది. లోపల నాలుగు వేళ్ళ వెడల్పున గుడ్డ మడిచి ఉంది.

"మీ అక్క సరిగ్గానే కత్తిరించిందే! కావాలనే లోపలికి కుట్టింది."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఒళ్ళు మండిపోతూ ఇంటికొచ్చింది. అక్క మిషను ముందుంది, తల్లి గుండీలు కుడుతోంది.

"ఏంటక్కా ఇది?"

"దాన్నేం అడుగుతావు? నేనే చెప్పాను" అంది తల్లి. "బిగుతుగా ఉంటేనైనా నోరు కట్టుకుంటావని. నీ ఆరోగ్యం కోసమేనే!"

"ఆరోగ్యమా? ఇవాళ రోగి మీద పడ్డానమ్మా! అద్దం ముందు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు."

"నీ ఒక్కదానికే కాదులే" అక్క గొణిగింది. "లావుగా ఉన్నవాళ్ళందరికీ అంతే. వాళ్ళ అమ్మలో మొగుళ్ళో చెవిలో చెప్పి పోతారు. కాదంటే గిరాకీ ఉంటుందా?"

కుట్టడం అయిపోయిన బట్టలు గోడకు వేలాడుతున్నాయి. నర్సుకు తన కోపం చిన్నదనిపించింది. పెద్ద సైజువన్నీ లాగి అక్క ఒళ్ళో పడేసింది.

"విప్పు."

"పరువు పోతుందే!" అంది తల్లి.

"పోనీ."

అంతలో ఒకావిడ పొట్ట లోపలికి బిగబట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"నాది అయిందా అమ్మా? పోయినసారిది పట్టలేదు. మళ్ళీ లావయ్యాను, నాకు సిగ్గు లేదు" అని నవ్వబోయింది.

నర్సు ఆమెకు కుర్చీ వేసింది.

"కూర్చోండి. ఎందుకు పట్టలేదో మా అక్క చెప్తుంది."