కొమురయ్య కాక విప్పి చూసినవి

అటక మీది అట్టపెట్టె దించుతుంటే అందులోంచి గణమని ఒక చప్పుడు వచ్చింది. కింద పెట్టి చూస్తే పాత నల్ల టెలిఫోను. పెట్టె వంగినప్పుడు లోపలి గంటకు ఏదో తగిలినట్టుంది. వేలు పెట్టి చక్రం చివరి దాకా తిప్పి వదిలాను. గరగరమంటూ తీరిగ్గా వెనక్కి వచ్చింది. ఈసారి బలంగా తిప్పాను. అయినా అదే తీరిక. ఎంత గట్టిగా తిప్పినా వెనక్కి వచ్చే వేగం ఒకేలా ఉంటోంది. ఎందుకు? పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా నేను నేల మీద కూర్చుని చాలాసేపు ఆ చక్రం తిప్పాను. ఇలాంటి ప్రశ్నలు పుట్టుకతో నాకు వచ్చినవి కావు. మా పక్కింటి కొమురయ్య కాక నుంచి అంటుకున్నవి.

మేం సూరత్‌లో నవాగామ్‌లో ఉంటాం. నాన్న రైల్వేలో గుమాస్తాగా చేసేవాడు. క్వార్టరు వదిలి ఈ ఇంటికి వచ్చేసరికి నేను ఇంకా బడిపిల్లని. పక్కింట్లో కొమురయ్య కాక, ఆయన భార్య నర్సవ్వ చిన్నమ్మ ఉండేవారు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నేతవాళ్లు. పిల్లలు లేరు. ఇద్దరూ ఊరి బయట జోల్వాలో ఒకే షెడ్డులో పనిచేసేవారు. ఆయన మరమగ్గాలు నడిపేవాడు, ఆవిడ కండెలు చుట్టేది. గుజరాతీలకు కూడా కాక అంటే బాబాయే కాబట్టి వీధి మొత్తానికి ఆయన కాకే అయ్యాడు. సెలవు రోజున పాత సామాన్ల బజారుకు పోయి చచ్చిపోయిన యంత్రాలు కొనుక్కొచ్చేవాడు. టేపు రికార్డర్లు, ఫ్లాష్ లైట్లు, కాగితం చుట్ట బయటికి వచ్చే లెక్కల మిషన్లు, ఎవరో ఆఫీసువాళ్లు పారేసిన టెలిఫోన్లు. ఇంటికి తెచ్చి, వాకిట్లో పేపరు పరిచి, విప్పేవాడు. ఆయన్ని మెకానిక్ అనుకోకండి. ఆయన బాగుచేసిన వస్తువు ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. తిరిగి బిగించాక స్క్రూలు, స్ప్రింగులు కొన్ని ఎప్పుడూ మిగిలిపోయేవి.

ఈ సంగతి తెలియని తొలి రోజుల్లో అమ్మ మా రేడియో ఆయనకు ఇచ్చింది. కొన్నాళ్లు చూసి గోడ దగ్గర నిలబడి అడిగింది.

"కొమురయ్య గారూ, మా రేడియో పాడుతోందాండీ?"

"పాడుతలేదు వదినె. గని ఎందుకు పాడుతలేదో దొర్కింది."

"దొరికితే బాగుచెయ్యండి మరి."

"బాగుజేసుడు వేరే పని. గది దుకాణపోళ్లది."

అమ్మ లోపలికి వచ్చి నాన్నతో, "మీ తమ్ముడు రేడియోకి పోస్టుమార్టం చేశాడు. మిగతా కార్యక్రమం మనల్నే చేసుకోమంటున్నాడు" అంది. నాన్న నవ్వి కొత్త రేడియో తెచ్చాడు. పాతది కాక దగ్గరే ఉండిపోయింది. నేను దాన్ని చూడటానికి వెళ్లాను. కాక స్పీకరు విడిగా తీసి నా అరచేతిలో పెట్టి, దాని తీగలకు ఒక బ్యాటరీ ఆనించాడు. నల్లటి కాగితం టక్కున ఎగిరి నా చేతికి తగిలింది.

"గీ కాయితం కదుల్తెనే పాట, వార్తలు, అన్ని."

"మరి మాట ఎక్కడుంటుంది కాకా?"

ఆయన స్పీకరు తిప్పి చూశాడు. పిల్లల ప్రశ్న కదా అని తేలిగ్గా ఏదో చెప్పేసే అలవాటు ఆయనకు లేదు. "గదే బిడ్డా, నాకు గూడ సమజైతలేదు" అన్నాడు.

పెద్దవాళ్లు తమకు తెలియదని ఒప్పుకోవడం నేను అంతకుముందు వినలేదు. మా బడిలో తెలియకపోవడం అంటే గోడవైపు తిరిగి నిలబడటం. ఆయన దగ్గర అది పని మొదలయ్యే చోటు. ఏదైనా ఆగిపోతే అందరం అది ఎందుకు ఆగిందని అడుగుతాం. కాక అలా అడిగేవాడు కాదు. "ఆగింది సరే, ఇన్నొద్దులు ఎట్ల నడిచింది?" అనేవాడు. నడిచిన దారి తెలిస్తే ఆగిన చోటు తనంతట అదే తెలుస్తుందని ఆయన నమ్మకం. తర్వాత నేను చాలా పుస్తకాలు చదివాను, కొన్నింటిలో ఇదే మాట ఇంకా పెద్ద మాటల్లో కనిపించింది. నాకు మొదట వాకిట్లో పేపరు మీద దొరికింది.

మా బడికి సెలవైన ఒక రోజు ఆయన నన్ను జోల్వా తీసుకెళ్లి తమ షెడ్డు చూపించాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే చెవుల్లో ఇంక ఏమీ మిగల్లేదు. మగ్గాల మోత పాదాల్లోంచి పైకి వచ్చింది. ఆ మోతలో కాక ఒక చివర, చిన్నమ్మ ఇంకో చివర నిలబడి మాట్లాడుకుంటున్నారు. పెదవులు కదుపుతున్నారు, ఒక చెయ్యి కాస్త ఎత్తుతున్నారు, అంతే. చిన్నమ్మ ఏదో అంది. కాక మొహం ముడుచుకున్నాడు. మధ్యలో మగ్గం దగ్గరున్న బీహారీ అతను నవ్వాడు. బయటికి వచ్చాక అడిగాను.

"చిన్నమ్మ ఏమంది కాకా?"

"తిట్టింది. మగ్గాల నడుమ ఆలుమగలు కొట్లాడుకుంటె గదే సుఖం బిడ్డా. ఎవ్వలకు ఇనవడది."

పక్కనే వస్తున్న చిన్నమ్మ అందుకుంది. "ఇనవడకుంటె ఏంది? ఆ బీహారాయనకు నా తిట్లన్నీ నోటికొచ్చినయ్."

ఆమె ఆ మాట అంటున్నప్పుడు కూడా కాక మొహాన్నే చూస్తోంది. నేను గమనించాను. ప్రేమ అనుకున్నాను. అది కూడా అయి ఉండొచ్చు.

లాక్‌డౌన్ వచ్చి మగ్గాలు ఆగిపోయాయి. మా వీధిలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి, వాళ్లంతా ఊళ్లకు పోయారు. కాక, చిన్నమ్మ పోలేదు. పోయి చేసేదేముంది అన్నారు. అప్పటికి నేను బ్యాంకులో పనిచేస్తున్నాను. నాన్న లేరు, ఇంట్లో అమ్మా నేనూ. కాక మంచం కిందా బీరువా మీదా దాచినవన్నీ ఒక్కొక్కటే వాకిట్లోకి తెచ్చాడు. ఎప్పుడు ఏది కొన్నాడో ఆయనకే గుర్తు లేదు. "అరె, గిది గూడ ఉన్నదా" అంటూ బయటికి తీసేవాడు. వీధిలో మిగిలినవాళ్లు ఎవరి గుమ్మాల్లో వాళ్లు నిలబడి ప్రదర్శన చూసినట్టు చూసేవారు. ఒకరోజు ఒక పేజరు దొరికింది. ఎదురింటాయన మాస్కులోంచి అరిచాడు, "కాకా, మెసేజ్ ఏమైనా వచ్చిందా?" అని. కాక దాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, "వచ్చింది. ఇంట్ల కూసోమన్నది" అన్నాడు.

చిన్నమ్మ మాత్రం ఈ నవ్వుల్లో లేదు. ఆ నెలల్లో ఆమె మారింది. టమాటాలు కావాలా అంటే నిన్నటి కూర గురించి చెప్పేది. పిలిస్తే పలకకుండా వెళ్లిపోయేది. కూరగాయలామెకు కోపం వచ్చి, ఆవిడకు పొగరెక్కింది అంది. మతిమరుపు మొదలైందేమో అని అమ్మ అనుమానం. పని పోయిన దిగులు అని నేను అనుకున్నాను. కాక ఎవరి మాటా కాదనలేదు. ఒక రోజంతా ఆమెను చూస్తూ కూర్చున్నాడు, యంత్రాన్ని చూసినట్టే. ఆ సాయంత్రం గేటు దగ్గర నిలబడి, మాస్కు పెట్టుకుని, "నర్సూ, చాయ్ పెట్టు" అన్నాడు. ఆమె కదల్లేదు. మాస్కు దించి అంతే గొంతుతో అన్నాడు. ఆమె లేచింది. మళ్లీ మాస్కు పెట్టి, "చక్కెర తక్కువెయ్" అన్నాడు. ఆమె ఏమిటన్నట్టు చూసింది. మొదట ఆయన నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత నవ్వు ఆగింది.

"నీకు ఇనవడ్తలేదా ఏందే?"

మాస్కు దించే అడిగాడు కాబట్టి ఆమె వెంటనే జవాబిచ్చింది. "ఎందుకు ఇనవడది? నువ్వు మూతి మూసుకోని మాట్లాడితె ఎట్ల ఇనవడ్తది?"

ఆమె హాస్యానికి అనలేదు. నోరు కనబడితేనే మాట వినబడుతుందని, లోకంలో అందరికీ అంతేనని ఆమె నిజంగా అనుకుంటోంది. మగ్గాలు ఆమె చెవులను ఎప్పుడు తీసుకున్నాయో ఆమెకే తెలియదు, ఎందుకంటే ఆ లోపే కళ్లు ఆ పని అందుకున్నాయి. ఆస్పత్రులు ఆ రోగం తప్ప ఇంకేదీ చూడటం లేదు, చెవుల సంగతి తర్వాత చూద్దాం అనుకున్నాం. కాక ఆ రాత్రి భోజనం చేశాడో లేదో తెలియదు. పొద్దున గోడ దగ్గర నాతో అన్నాడు: "ఇన్నేండ్లు నేను మాట్లాడుతున్న అనుకున్న బిడ్డా. ఆమె సూస్తున్నది."

మరుసటి ఏడాది ఎండాకాలం కాకకు జ్వరం వచ్చింది. పరీక్షలో అదే అని తేలింది. డాబా మీది గదిలోకి మారాడు. చిన్నమ్మకు షుగరు, పైగా నూలు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు. ఆమె మెట్లెక్కకూడదని డాక్టరు ఫోనులో గట్టిగా చెప్పాడు. ఆమె ఎక్కుతూనే ఉంది. మొండితనం కాదు. కాక పైనుంచి మొబైల్లో మాట్లాడితే ఆమెకు గుసగుస తప్ప ఏమీ అందేది కాదు. వీడియోలో ఆయన మొహం ఆగి ఆగి కదిలేది, పెదవులు మాటకు వెనక పడేవి. అందరికీ అన్నట్టే ఆయనకూ "ఆఁ, ఆఁ" అనేసి, ఫోను పక్కన పెట్టి, ఆయన బతికి ఉన్నాడో లేదో కళ్లతో చూడటానికి పైకి పోయేది. మొదట్లో ఆయన పిట్టగోడ దగ్గర నిలబడితే వాకిట్లోంచి చూసేది. తర్వాత ఆయన లేచి నిలబడలేకపోయాడు.

కాక నాకు ఫోన్ చేశాడు. మాటకీ మాటకీ మధ్య ఆయాసం.

"బిడ్డా, మీ చిన్నమ్మ పైకి రావద్దు. గా నల్ల ఫోన్లు రెండున్నయి సూడు. ఒకటి కిందున్నది, ఒకటి నా తాన్నే ఉన్నది, పొద్దుపోక తెచ్చుకున్న. నడుమ స్కూటర్ బ్యాటరీ పెట్టి కలుపుతె, దీంట్ల గొంతు గట్టిగ వస్తది. మొన్న చిన్న బ్యాటరీ ఆనిస్తె నా ఊపిరి నాకే తుఫాను లెక్క ఇనవడ్డది."

ఆయన కిటికీలోంచి తీగ కిందికి వదిలాడు. నేను వాకిట్లో కూర్చుని ఆయన చెప్పినట్టు కలిపాను. రిసీవరు చెవికి పెట్టుకుంటే ఏమీ లేదు. మొబైల్లో చెప్పాను. అలవాటు కొద్దీ ఆయన, "అట్లనా? ఎందుకో సూద్దాం" అన్నాడు. ఆ గొంతులో ఆ పూట కూడా కుతూహలం ఉంది. నాకు మాత్రం ఏడుపు వచ్చింది.

"కాకా, కారణం తర్వాత చూద్దాం. ఇది మాత్రం పనిచెయ్యాలి."

ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు. తర్వాత, "తుప్పు గీకు బిడ్డా, స్క్రూల కాడ" అన్నాడు. కూరగాయల చాకుతో గీకి మళ్లీ చుట్టాను. చెవిలో బరబరమని చప్పుడు, దాని వెనక ఆయన దగ్గు.

చిన్నమ్మను పిలిచి రిసీవరు చేతికిచ్చాను. చెవికి ఒత్తి పట్టుకోమని చేత్తో చూపించాను. ఆమె అపనమ్మకంగా పెట్టుకుంది. పైనుంచి ఆయన ఏదో అన్నాడు. ఆమె ఉలిక్కిపడి రిసీవరు తీసి దాని రంధ్రాల వైపు చూసింది. మళ్లీ పెట్టుకుంది.

"ఎవలు?"

ఆయన చెప్పినట్టున్నాడు.

"నీ గొంతు గిట్ల ఉంటదా?" అంది ఆమె. తర్వాత, "ఏమో. ముసలోని లెక్క ఉన్నది." రిసీవరు ఇంకాస్త ఒత్తి, "లేదు లె, మంచిగనే ఉన్నది. మాట్లాడు. ఆపకు, మాట్లాడు."

మిగిలిన రోజులన్నీ ఆమె ఆ ఫోను దగ్గరే గడిపింది. గంట మోగించే ఏర్పాటు లేదు కాబట్టి ఆయన తన రిసీవరు దిండు పక్కనే ఉంచుకునేవాడు. ఆమె గుర్తొచ్చినప్పుడల్లా తనది తీసి "ఉన్నవా?" అనేది. నాకు ఆమె మాటలే గోడ ఇవతలికి వినిపించేవి. ఎప్పటివో గొడవలు, మందుల వేళలు, కరీంనగర్ వైపు ఎవరి పెళ్లిలోనో ఆయన చేసిన నిర్వాకం. ఆమె మెట్లు ఎక్కలేదు. ఆయనకు ఆక్సిజన్ పడిపోయిన ఉదయం అంబులెన్సు వచ్చింది. ఆస్పత్రి నుంచి ఆయన తిరిగి రాలేదు. చిన్నమ్మకు జ్వరం రాలేదు.

కొంత కాలానికి ఆమెను చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఎప్పటి నుంచి వినబడటం లేదమ్మా అని అడిగితే, "అందరు మూతులు మూసుకున్నకాడి నుంచి" అంది. ఇప్పుడు చెవి మిషను పెట్టుకుంటుంది. వీధి కుక్కలు ఇంత వాగుతాయని తెలిస్తే పెట్టుకునేదాన్ని కాదంటుంది. చీరలకు ఫాల్స్ కుడుతోంది. కాక సామానంతా పాత ఇనుము కొనే భంగార్ వాడికి ఇచ్చేస్తుంటే నేను ఒక ఫోను అడిగాను. "నీకెందుకు బిడ్డా? అద్దాల బీరువల పెట్టి సూపిస్తవా?" అంది. ఇచ్చింది మాత్రం.

నాకు యంత్రాల మీద ప్రత్యేకంగా ఆసక్తి ఏమీ లేదు. నాలో మిగిలింది ఇంకోటి. బ్యాంకులో నేను గాజు పలక వెనక కూర్చుంటాను. మాస్కులు పోయాయి కానీ గాజు అలాగే ఉంది. ఈమధ్య ఒక పెద్దాయన ఏటీఎం కార్డు గురించి అడగడానికి వచ్చాడు. ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో గుజరాతీలో వివరంగా చెప్పాను. ప్రతి వాక్యానికీ ఆయన చక్కగా తల ఊపాడు. వెనక వరుస పెరుగుతోంది. తర్వాతి మనిషిని పిలవబోయి ఆగాను. నేను చెప్పింది ఒకసారి మీరు చెప్తారా అని అడిగాను. ఆయన ఇబ్బందిగా నవ్వి బల్ల వైపు చూశాడు.

"ఏమీ వినబడలేదమ్మా" అన్నాడు. "నువ్వు ఇంత ఓపిగ్గా చెప్తుంటే, ఊరికే నిలబడితే బాగుండదని తల ఊపాను."

నేను లేచి, పక్క తలుపు తీసుకుని అవతలికి వెళ్లి, ఆయనకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.