పురుగు ప్రోటీన్‌కు టీకా ఐసు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మరిపెడ చుట్టుపక్కల ఊళ్లకు టీకాల డబ్బా మోశాను. అందుకే మనవరాలు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "తాతా, ఐస్‌ప్యాకులు తయారుగ ఉంచు. నా ప్రోటీన్ తీసుకొని వరంగల్ పోవాలె" అనగానే నా ప్రాణం లేచి వచ్చింది. రిటైరయ్యాక మేం ఉంటున్న జనగామ మీదుగా పోతూ మా ఇంట్లో అన్నం తినకపోతే మా ఆవిడ ఊరుకోదు. ఎట్లాగూ దిగాలి కాబట్టి ఐసు ఇక్కడే మార్చుకోవచ్చని ఆ పిల్ల అనుకుంది.

ప్రోటీన్ గురించి ఆమె చెప్పింది చెప్పినట్టు డైరీలో రాసుకున్నాను. మట్టిలో ఒక సన్నటి పురుగు ఉంటుంది. మేం బడి పిల్లలకు మాత్రలు వేసి పోగొట్టే నులిపురుగులకు దూరపు చుట్టమట. దాని ఒంట్లోని ఒక ప్రోటీన్, జన్యువుకు నకలుగా తయారయ్యే ఆర్‌ఎన్‌ఏలో అక్కడక్కడ ఒక అక్షరాన్ని మార్చేస్తుంది. పరీక్షలకు పురుగుల నుంచి సరిపడా దొరకదు. అందుకని ఆ జన్యువును రొట్టెల పిండిని పొంగించే ఈస్ట్‌లో పెట్టి, ప్రోటీన్‌ను దానిచేత తయారుచేయించి, శుద్ధి చేసింది. నెలల కష్టమంతా చిన్న గొట్టాల్లో ఉంది. వెచ్చబడితే పనికిరాదు.

ఆమె ఇంటికొచ్చి డబ్బా తెరిచేసరికి లోపల సగం నీళ్లే. బల్ల మీద వరుసగా పేర్చిన నా ఐస్‌ప్యాకుల్లో ఒకటి తీసి ఊపింది. గలగలమంది.

"గివి కరిగినయేంది తాతా?"

"నేనే కరగనిచ్చిన బిడ్డా. గట్టి ఐసు తగిలితే టీకా ఖరాబైతది."

"గిది టీకా కాదే తాతా! దీనికి గట్టి ఐసే కావాలె!" పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

వంటింట్లోంచి మా ఆవిడ, "ముందు తినుండ్రి, లొల్లి తర్వాత" అంది.

"తినేదాంక ఆగితే నా పని ఆగమైతది అమ్మమ్మా!"

నేను చెప్పులేసుకుని చౌరస్తాలోని సోడా బండి దగ్గరకు పోయి సంచి నిండా ఐసు ముక్కలు తెచ్చాను. గొట్టాలను వాటి మధ్య దూర్చి, తినకుండానే బస్సెక్కాం. డబ్బా నా ఒళ్లో పెట్టుకున్నాను.

"ఏంది పెద్దాయనా, చాపలా?" అన్నాడు కండక్టర్.

"పురుగు సరుకు."

అతను టికెట్ ఇచ్చి, ఒకడుగు వెనక్కి జరిగాడు. అప్పటిదాకా ముడుచుకున్న మా పిల్ల ముఖంలో నవ్వు కనిపించింది.

ప్రోటీన్ పనిచేస్తుందో లేదో లోపల పరీక్షిస్తుంటే, వరంగల్‌లో ఆమె స్నేహితురాలి ప్రయోగశాల బయట బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నాను. టీకా వేశాక పిల్లలకు జ్వరం వస్తుందేమోనని ఎదురుచూసిన రోజుల్లో కూడా ఇంత పరేషాన్ కాలేదు. తలుపు తీసుకుని ఆమె వచ్చింది.

"అక్షరం మార్చింది తాతా. జర మెల్లగ పనిచేస్తున్నది గని, బతికే ఉన్నది."

"మెల్లగైంది నా ఐసుతోనేనా?"

"కావచ్చు." నా పక్కన కూర్చుని భుజం మీద తల వాల్చింది. "వచ్చే నెల మళ్ల తెస్త. డబ్బా పట్టుకునేటందుకు నువ్వే రావాలె. ఐసు జోలికి మాత్రం పోకు."