వేడి తెలియని చెయ్యి

బస్సు నడిదారిలో మొరాయించాక, నేను చెయ్యెత్తితే ఆగిన బండి అదొక్కటే. మిగతావాళ్లు దాన్నెందుకు ఆపలేదో ఎక్కాక తెలిసింది. వెనక బస్తాల నిండా చేపపొడి.

ముక్కంత తొందరగా రాజీపడే అవయవం మనిషికి మరొకటి లేదు. అత్తరు కొట్టయినా, తోళ్ల షెడ్డయినా పావుగంట కూర్చుంటే ఒకటే. ఆ మాటే అన్నాను.

"మీది మంచి ముక్కు తాతగారూ! మా ఆవిడైతే నన్ను గుమ్మం బయటే నిలబెట్టి బకెట్టు నీళ్లు కుమ్మరిస్తుంది," అన్నాడు బండి నడిపే మనిషి.

మా మధ్య కూర్చున్న అతని వదిన నవ్వలేదు. సగం జీవితం చేపల కంపెనీలో, మంచు పరిచిన బల్ల దగ్గర తలలు కోసిందట. వేళ్లు కత్తి పట్టలేని రోజు వచ్చి మానేసింది. కంపెనీ వెనక కుళ్లుతున్న తలలూ ముళ్లూ పేగులూ తనకిమ్మని అడిగి తెచ్చుకుంది. ఉడకబెట్టి, నీరు పిండేసి, ఎండబెట్టి, మర పట్టి కోళ్ల దాణా మిల్లుకు వేస్తోంది. పొడి పూర్తిగా ఆరాకే బస్తాకెత్తాలి. వెచ్చగా కట్టేస్తే లోపల్లోపలే కాగి మాడుతుంది.

"మా వదిన మోచేతిదాకా చెయ్యి దూర్చి చెప్పేస్తుంది. థర్మామీటరెందుకు, దండగ!" అన్నాడు మరిది.

అయినా కిందటిసారి బస్తాలు మిల్లు గోడౌనులో పొగలు కక్కాయి. ఇంకొక్కటి వెచ్చగా వచ్చినా గుమ్మం తొక్కొద్దన్నాడు మిల్లాయన. వాళ్లకు మరో గిరాకీ లేదు.

ఇంజను వేడెక్కింది. మరిది నీళ్లకు వెళ్లాడు. ఆవిడ దిగి, బండి వెనక్కెళ్లి ఒక బస్తా మూతి విప్పి నన్ను పిలిచింది.

"బాబాయిగారూ, కాస్త చెయ్యి పెట్టి చూడండి."

పెట్టాను. అప్పుడే దించిన అన్నంలో పెట్టినట్టయి చటుక్కున లాక్కున్నాను. ఆవిడ మోచేతిదాకా దూర్చి, అలాగే ఉంచింది.

"నాకు చల్లగానే ఉంది."

"ఎప్పట్నించి ఇలా?"

"మంచుబల్ల దగ్గరే స్పర్శ పోయింది. వేళ్లున్నాయి, అంతే. ఈమధ్య మోచెయ్యీ అంతే. చెప్తే ఇంక నా మాటెవరు వింటారు?"

పక్క బస్తా విప్పి చెయ్యి పెట్టాను. అదీ కాలుతోంది.

మరిది వచ్చాడు. "మళ్లీ విప్పావేంటి వదినా?"

"అన్నీ దించు. ఆరబోద్దాం."

"మబ్బు చూశావా? తడిస్తే ఇదీ బూడిదే!"

"చెయ్యి పెట్టు."

పెట్టాడు. తీసి, వదిన ముఖంలోకి చూశాడు. "పొద్దున నువ్వే కదా చూసి కట్టమన్నావ్?"

ఆవిడ అప్పటికే ఒక బస్తా కిందికి లాగుతోంది.

పట్టా ఒక్కటే ఉంది. కింద పరిస్తే పైన కప్పడానికి లేదు. పరిచాం. మూడో బస్తా గుమ్మరిస్తుండగా తొలి చినుకులు పొడిలో చిన్నచిన్న గుంటలు చేశాయి. మరిది పట్టా అంచులు మడిచి పొడిమీద బోర్లా పడుకున్నాడు. నేను నా దుప్పటి తీసి కప్పాను. ఏ మూలకీ చాల్లేదు.

ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుని, మిల్లున్న వైపు రోడ్డెక్కింది.

"వదినా! ఒట్టి చేతుల్తో వెళ్లి ఏం చెప్తావ్?"

"ఈ చేతులకి వేడి తెలీదనే చెప్తాను," అంది వెనక్కి తిరక్కుండానే. వానలో నడుచుకుంటూ వెళ్లిపోయింది.