బ్రెజిలాయన బొటనగోరు

మొన్న ఆదివారం వంటింట్లో రేడియో పెట్టుకుని ఉల్లిపాయలు తరుగుతుంటే ఒక పోర్చుగీసు పాట వచ్చింది. మా అమ్మాయి గుమ్మంలో ఆగి, మన పైనింటి అంకుల్ కదా అని జర్మన్‌లో అడిగి, నేను అవుననేలోపే ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయింది. నేను మాత్రం కత్తి పక్కన పెట్టి, పాట అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.

మేము బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద లైప్‌జిగ్ వచ్చిన కొత్తలో, మనవాళ్ళ పిల్లలు మాస్టర్స్ కోసం గుంపులు గుంపులుగా దిగుతున్న రోజులవి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న మన పెద్దలు ఇక్కడికి వచ్చుంటే జర్మనీలో అద్దిల్లు వెతికి చూడు అని కూడా చేర్చేవారు. అలా నానా తిప్పలూ పడి సంపాదించిన ఇంటికి పై అంతస్తులో ఉండేవాడాయన. ఎక్కడో బ్రెజిల్ రేవు పట్టణంలో బస్సు డ్రైవరు కొడుకు, మేనమామ దగ్గర గిటారు నేర్చి, హోటళ్ళలో వాయించి, ఒక నాట్య బృందం వెంట జర్మనీ వచ్చాడు. బృందం తిరిగి వెళ్ళిపోయింది, ఈయన ఉండిపోయాడు. పగలు పిల్లలకు పాఠాలు, సాయంత్రాలు ఎవరెవరి పాటలకో పక్కవాద్యం. తాను కట్టిన పాటలు మాత్రం మాకు మెట్ల మీద వినపడేవి, అంతే.

ఎన్నో ఏళ్ళకు ఒక చిన్న హాలువాళ్ళు ఆయన సొంత పాటలతోనే కచేరీ పెట్టారు, రికార్డు చేయడానికి రేడియోవాళ్ళు వస్తామన్నారు. ఇదీ పోతే ఇక పాఠాలు చెప్పుకుంటూ ముసలివాణ్ణయిపోతానని ఆయనే నాతో అన్నాడు. ఆ సంతోషానికి కచేరీ ముందురోజు మా ఆవిడ ఆయన్ని భోజనానికి పిలిచి, నల్లి ఎముకల కూర వండింది. నిజామాబాద్ మనిషి, వడ్డించడమంటే యుద్ధమే. ఎప్పటిలాగే ఆయన చెంచా అడిగితే, "గదేందన్నా, చెంచతోని తింటే కడుపు నిండుతదా? చేత్తోని తిను!" అని చెంచా లాగేసుకుంది. మాట అర్థం కాకపోయినా మర్యాద అర్థమై, ఆయన నవ్వుతూ చెయ్యి పెట్టాడు. ఎముకలో మూలుగ తీయబోతే కుడి బొటనవేలి గోరు పుటుక్కున విరిగింది.

ఆయన వాయించే పద్ధతిలో తీగ మీటేది గోటితోనే, అందుకే ఆ చేతి గోళ్ళు పెంచి అరగదీసుకుంటారన్న సంగతి మాకప్పుడే తెలిసింది. "అయ్యో, మనిషిని పిలిచి మరీ ఆగం జేస్తి గదా!" అని మా ఆవిడ ఎంగిలి చేత్తోనే ఏడ్చింది. కింది వాటాలో చదువుకుంటున్న గుంటూరు అమ్మాయి గొడవ విని పరుగెత్తుకొచ్చింది. "ఊరుకోండి వదినా, పెళ్ళికని తెచ్చుకున్న అంటించుకునే గోళ్ళున్నాయి నా దగ్గర" అని ఒకటి అంటించి వెళ్ళింది. ఎర్రది.

మర్నాడు కచేరీలో రెండో పాటకే అది ఊడిపోయింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, ఆ పట్టు నాకింకా గుర్తే. ఆయన ఒక్క క్షణం ఆగి, వేలి కొసతోనే మెత్తగా మీటడం మొదలుపెట్టాడు. వెనక వరుసలకు వినపడలేదు. దగ్గరకు రండి అన్నాడు. సీటు నంబరు చూసుకుని గానీ కూర్చోని జర్మన్లు లేచి వచ్చి వేదిక చుట్టూ నేల మీద కూర్చున్నారు. రేడియోవాళ్ళు మైకు ముందుకు జరిపారు. ఆ పాటలే ఊరూరా వినిపించి, ఆయనను పెద్ద హాళ్ళకు పిలిపించాయి. గోరు మళ్ళీ పెరిగింది, మళ్ళీ గోటితోనే వాయించాడు. తర్వాత బెర్లిన్ వెళ్ళాడు, వేళ్ళ నొప్పులు మొదలయ్యాక వాళ్ళ ఊరికే తిరిగి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మేమూ పద్ధతులు నేర్చాం. వచ్చేవాళ్ళు ఇక్కడి ఆఫీసుల్లో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకున్నట్టు రెండు వారాల ముందే చెప్పి వస్తారు, ఏది పడదో ఫోనులోనే అడిగి వండుతాం, ఎవరినీ బలవంతపెట్టం. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, హాయిగా ఉంది. కానీ మా వల్ల నష్టపోయేంత చనువుగా మా ఇంటికి వచ్చే మనిషి మాత్రం ఒక్కడూ లేడిప్పుడు.